బీరువా సర్దాలంటే ముందు జాకెట్లు లెక్కపెట్టండి

పోయిన నెల మా బ్యాంకు ట్రైనింగ్ సెంటర్లో మహిళా ఆఫీసర్లకి రెండు రోజుల శిక్షణ జరిగింది. రెండో రోజు భోజనాలయ్యాక, ఉద్యోగం చేసే ఆడవాళ్ళ కట్టూబొట్టూ ఎలా ఉండాలో చెప్పడానికి బయటినుంచి ఒకావిడ వచ్చారు. బాగా మాట్లాడారు. చివర్లో ఒక నియమం చెప్పి అందరిచేతా రాయించారు: "ఏడాదిలో ఒక్కసారైనా ఒంటిమీదకి రాని బట్ట మీ బీరువాలో ఉండకూడదు." 33 బట్టలతో మూడు నెలలు హాయిగా గడిపేవాళ్ళున్నారని కూడా చెప్పారు. నా పక్కన కూర్చున్న కొత్త ఆఫీసరు, ఇరవై ఆరేళ్ళ పిల్ల, "మా అమ్మ బీరువాకి ఈ మాట వినపడకూడదు మేడం" అంది నెమ్మదిగా.

ఇంటికొచ్చిన నాలుగో రోజున నాకు విశాఖపట్నం బదిలీ ఆర్డరొచ్చింది. విజయవాడలో ఆరేళ్ళున్నాను. సామాను ఎలాగూ కట్టాలి కదా, ఆ నియమమేదో పెట్టి చూద్దామని ఒక ఆదివారం పొద్దున్నే బీరువా మొత్తం తీసి మంచం మీదా, కింద చాప మీదా పరిచాను. చీరలు 118. చుడీదార్లు 27 జతలు. ఏడాదిలో కట్టిన చీరలు ఎన్నా అని తీస్తే 26 తేలాయి. నియమం ప్రకారం మిగతా 92 బయటికి పోవాలి.

పోనివ్వలేకపోయాను. మమకారం అనుకోకండి. పక్కన పెట్టిన 26 చీరల్లో నాకు నిజంగా ఇష్టమైనవి ఏడో ఎనిమిదో ఉన్నాయి, తక్కినవి వెలిసిపోయిన సింథటిక్ చీరలు. పోవలసిన కుప్పలో మాత్రం ఆనపకాయ రంగు మంగళగిరి, మొదటి ప్రమోషన్‌కి కొనుక్కున్న వెంకటగిరి, మా ఆయన ఉప్పాడ వెళ్ళినప్పుడు మగ్గం దగ్గరే కొని తెచ్చిన జాందానీ ఉన్నాయి. ఇష్టం లేనివి కట్టుకుంటూ, ఇష్టమైనవి దాచిపెడుతూ ఏడాది గడిపానన్నమాట. ఎందుకిలా అయింది? ఒక్కో చీర చేతిలోకి తీసుకుని, ఎందుకు కట్టలేదో కాగితం మీద రాస్తూ పోయాను. బ్యాంకులో లెక్క తేలకపోతే ఓచర్లు ఒక్కొక్కటే తిరగేస్తాం కదా, అలాగ.

సాయంత్రానికి లెక్క తేలింది. జాకెట్టు పట్టనివి 41. జాకెట్టు ముక్క ఇంకా కత్తిరించనైనా కత్తిరించనివి 17, వాటిలో చాలావాటికి ఫాల్ కూడా లేదు. ఎవరో పెట్టిన చీరలు 22. పెళ్ళిళ్ళకి తప్ప కట్టుకోలేని బరువైన పట్టుచీరలు 7. నిజంగా నచ్చక కట్టనివి 5.

తొంభై రెండింట్లో అయిదు! మిగతా వాటిలో 58 చీరలు కేవలం జాకెట్టు వల్ల ఆగిపోయాయి. అందుకే చెబుతున్నాను: మనలాంటివాళ్ళ బీరువాలో పాతబడేది చీర కాదు, జాకెట్టు. బీరువా ఖాళీ చెయ్యాలన్నా, ఆఫీసుకి తగ్గట్టు కొత్తగా సర్దుకోవాలన్నా అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఆ నియమం ఎవరి బట్టల కోసం

ఈ తక్కువ బట్టల పద్ధతి ఎక్కడిదా అని కొంచెం వెతికాను. 1970ల్లో లండన్‌లో బట్టలకొట్టు నడిపిన సూజీ ఫో దీన్ని 'క్యాప్సూల్ వార్డ్‌రోబ్' అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ ఏడు రకాల బట్టలతో ఉద్యోగినికి వారమంతా గడిచేలా ఒక వరస తయారుచేశారు. ఆలోచన మంచిదే. ఆ కోటు ఈ స్కర్టు మీదకీ వస్తుంది, ఆ ప్యాంటు మీదకీ వస్తుంది. ఏడు బట్టలతో ఇరవై రకాలు కుదురుతాయి.

మన చీరకి అలా కుదరదు. ఒక చీర, దానికి పుట్టిన ఒక జాకెట్టు. మీటరుకి కాస్త తక్కువ ఉండే ముక్క చీర చివరే నేసి ఇస్తారు, దానికీ అదే అంచు ఉంటుంది, అది ఇంకో చీరకి నప్పదు. ఆ జాకెట్టు చంక కింద పట్టేసిన రోజున అయిదున్నర మీటర్ల చీర మొత్తం మూలపడుతుంది. చీరకి ఏ లోపమూ ఉండదు. మూడేళ్ళలో మూలపడ్డ చీరల స్థానంలో కొత్తవి కొంటాం, వాటికి మళ్ళీ కొత్త జాకెట్లు. బీరువాలు ఇలాగే నిండుతున్నాయి.

మా అమ్మ తెనాలిలో మున్సిపల్ స్కూల్ టీచరు. 1980ల్లో ఆవిడకి బడికి కట్టుకునే చీరలు పదో పన్నెండో ఉండేవి, అన్నీ నూలువే. జాకెట్లు నాలుగు: నలుపు, తెలుపు, మెరూన్, ఆకుపచ్చ. టూ బై టూ అనే సాదా జాకెట్టు బట్ట మ్యాచింగ్ సెంటర్లో మీటరు కొని కుట్టించుకునేది. ఏ చీర మీదకి ఏ జాకెట్టని ఆలోచించుకునే పనే లేదు. నల్లది దేనిమీదకైనా వచ్చేది. పొద్దున్నే గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీరలో బడికి బయల్దేరితే మా వీధిలో అందరూ ఒకసారి చూసేవాళ్ళు. అమ్మ బట్టల పెట్టె చిన్నది, కానీ అందులో కట్టుకోని చీర ఒక్కటీ ఉండేది కాదు. లండన్‌లో పేరుతో ప్రచారమైన పద్ధతి మా అమ్మకి పేరు లేకుండానే తెలుసు. చీరతోపాటే జాకెట్టు ముక్క రావడం మొదలయ్యాక మనమే దాన్ని వదిలేసుకున్నాం.

ఆది జాకెట్టు

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండే సంగతి. 41 జాకెట్లు నాకు ఎందుకు పట్టలేదు? ఒళ్ళు వచ్చింది. నలభై ఏడేళ్ళు, థైరాయిడ్ మాత్రలు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడింటి దాకా కుర్చీ. రాకుండా ఎలా ఉంటుంది? అది సరే. కానీ గత నాలుగేళ్ళలో కుట్టించినవి కూడా పట్టడం లేదు, అదీ నాకు అర్థం కాలేదు.

సత్యనారాయణపురంలో మాకు జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి సంచీ నిండా పట్టుకెళ్ళాను. ఆవిడ ఒక్కొక్కటీ తిరగేసి, లోపలి కుట్లు వేలితో తడిమి, రెండు కుప్పలు చేసింది. తర్వాత కొలతకిచ్చే నా ఆది జాకెట్టు బయటికి తీసింది. నెమలికంఠం రంగుది, 2017లో కుట్టించింది. ఏ ఊళ్ళో, ఎప్పుడు కొత్త ముక్క ఇచ్చినా దాన్నే ఆది ఇచ్చి, "కొంచెం లూజు పెట్టండి" అని వస్తున్నాను, ఎనిమిదేళ్ళుగా.

"లూజంటే పక్కలే కదా మేడం నేను పెట్టేది. మీకు పట్టేస్తోంది చంక దగ్గరా, భుజం దగ్గరా. ఈ ఆది పెట్టి ఎన్ని కుట్టినా ఇంతే. మూడేళ్ళ నుంచి చెబుదామనుకుంటున్నా, మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నా. ఒక్కసారి చేతులెత్తండి, కొలత తీసుకుంటా."

టేపు చుట్టి, అంకెలు పైకి చదవకుండా పుస్తకంలో రాసుకుంది. ఆ మర్యాద నాకు బాగా గుర్తుండిపోయింది. నేనే అడిగి చెప్పించుకున్నాను. ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది, చెయ్యి చుట్టుకొలత అంగుళంన్నర.

మనలో చాలామంది ఇదే చేస్తాం. పాత కొలతకి మళ్ళీ తగ్గుతామని జాకెట్లు దాస్తాం, వాటి కోసం చీరలు దాస్తాం. ఉన్న ఒంటికి సరిపడే జాకెట్టు కుట్టించుకుంటే ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ఈలోగా కౌంటరు ముందు కూర్చుని, పైఅరలో ఫైలు అందుకోవడానికి చెయ్యెత్తితే కుట్టు పిగిలిపోతుందేమోనని భయపడుతూ పనిచేస్తాం. ఈ భయంతో నేను మీటింగుల్లో బోర్డు దగ్గరికి లేచి వెళ్ళకుండా తప్పించుకున్న రోజులున్నాయి. బట్టలు మన ఉద్యోగానికి సాయం చెయ్యాలని ఆ ట్రైనింగులో చెప్పారు. నిజమే. కానీ అది మొదలయ్యేది రంగుల దగ్గరా, అంచుల దగ్గరా కాదు. చెయ్యి పైకి లేస్తుందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

నలభై ఒకటిలో 24 జాకెట్లకి పక్కల్లో బట్ట ఉంది, కుట్లు విప్పి చంక దగ్గర చిన్న పట్టీ వేస్తే సరిపోతాయి. ఒక్కోదానికి 60 రూపాయలు. మిగతా 17 పనికిరావు. వాటికీ, అసలు కుట్టించని 17 చీరలకీ కలిపి, మొత్తం 34 చీరలకి, అమ్మ పద్ధతిలో ఆరు సాదా జాకెట్లు కుట్టించాను: నలుపు, మెరూన్, బాటిల్ గ్రీన్, మీగడ రంగు, ఆవపిండి రంగు, ముదురు నీలం. మోచేతుల దాకా చేతులు, వెనక మెడ మరీ కిందకి లేకుండా. బట్టా, కుట్టుకూలీ కలిపి ఒక్కోటి 800. మొత్తం ఖర్చు 6,240 రూపాయలు. ఇంతకంటే ఎక్కువ పెట్టి ఒక్క చీర కొన్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఈసారి అదే డబ్బుకి 58 చీరలు తిరిగొచ్చాయి.

ఇందులో లోపాలు లేవని కాదు. పట్టుచీర మీదకి టూ బై టూ జాకెట్టు నప్పదు, తేలిపోతుంది. వాటికి బంగారు రంగు బ్రొకేడ్‌ది ఒకటి విడిగా ఉండాల్సిందే. నల్లదాన్ని వారానికి రెండుసార్లు వేస్తాం కాబట్టి చెమటకి త్వరగా పోతుంది, రెండు కుట్టించుకోవడం మంచిది. ఇంకో సంగతి: గద్వాల చీర లాంటివాటికి నూలు ఒడలికి పట్టు అంచుని కలిపి నేస్తారు, వాటి సొంత జాకెట్టులో ఒక అందముంది. అలాంటివి మూడో నాలుగో సొంత జాకెట్టుతో ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదు.

చీర ఇస్తారు, జాకెట్టు ఎవరిస్తారు

"అన్ని ఉంచుకోవడం దేనికి, లేనివాళ్ళకి ఇచ్చెయ్యొచ్చుగా" అంటారు. నేనూ అలాగే అనుకుని, నచ్చని అయిదూ, ఎవరో పెట్టిన వాటిలో ఏడూ కలిపి మా ఇంట్లో పనిచేసే ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చేత్తో తిప్పి చూసి రెండే తీసుకుంది. మొహమాటపడుతోందేమో అనుకుని అన్నీ తీసుకోమన్నాను.

"చీర ఇస్తారమ్మా అందరూ. పోయిన దసరాకి నాలుగిళ్ళలో నాలుగిచ్చారు. జాకెట్టెవరిస్తారు? కుట్టించాలంటే లైనింగుతో ఆరొందలు. లంగా ఇంకో రెండొందలు. నాకు రోజూ చీర మీద పనవ్వదు, నైటీలే. ఉన్నవి రేకుపెట్టెలో పడున్నాయి."

నా బీరువాలో ఉన్న కష్టమే ఆవిడ రేకుపెట్టెలోనూ ఉంది. నాకు అడ్డంకి పాత కొలత, ఆవిడకి కుట్టుకూలి. ఇన్నాళ్ళూ నేను దానమనుకున్నది, నా ఇంట్లో చోటు చేసుకుని ఆవిడ ఇంట్లో చోటు తీసుకోవడం. ఆ రెండు చీరలకీ జాకెట్లు, లంగాలు కుట్టించుకోవడానికి డబ్బు ఇచ్చాను. ఇకమీదట ఎవరికైనా చీర ఇస్తే కుట్టుకూలి కలిపే ఇస్తాను. లేకపోతే ఇవ్వను.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా ఇది కళ్ళారా చూశాను, కానీ అప్పుడు బుర్రకెక్కలేదు. మా అపార్ట్‌మెంట్ వాళ్ళం బట్టల మూటలు పట్టుకెళ్ళాం. అంతా జరీ అంచు జార్జెట్లు, మెరుపుల చీరలు. నడుంలోతు బురద తోడుకుంటున్న ఒకావిడ మూట విప్పి చూసి అడిగింది, "లంగాలున్నాయా అమ్మా? తువ్వాళ్ళు?" మా మూటల్లో ఒక్కటీ లేదు. పాత బట్టలు సేకరించి అవసరమైనవాళ్ళకి చేర్చే గూంజ్ సంస్థవాళ్ళు 1999 నుంచి ఇదే చెబుతున్నారు: మనకి అక్కర్లేనిది ఇవ్వడం కాదు, వాళ్ళకి కావలసింది ఇవ్వమని. మా మూటల్లో సగం మర్నాడు అదే వీధి చివర తడిసి పడి ఉన్నాయి.

పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆవిడకి వేసేది మంచి దారే అనుకుంటాను. కనీసం ఆవిడ వ్యాపారం కోసం తీసుకుంటుంది, పనికొచ్చేవి ఏరి శుభ్రం చేసి అమ్ముతుంది. పనికిరాని పాత బట్టలు ఎక్కడెక్కడినుంచో హర్యానాలో పానిపట్టు దాకా వెళ్ళి మళ్ళీ నూలుగా, దుప్పట్లుగా మారతాయి. బాగా నలిగిన నూలుచీరలు మాత్రం నేనెవరికీ ఇవ్వను. నాలుగు చీరలు పొరలుగా వేసి బొంత కుట్టే ఆవిడ మా పాత వీధిలో ఇంకా ఉంది.

మేనత్తతో వాదన

ఇక ఆ 22 చీరలు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, ఓణీల ఫంక్షన్లలో పెట్టినవి. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో టోకున కట్టలు కట్టలుగా దొరుకుతాయి, చాలావరకు సూరత్ నుంచి వచ్చిన పాలియెస్టర్ సరుకు. పెట్టినవాళ్ళు కట్టుకోరు, తీసుకున్నవాళ్ళు కట్టుకోరు. నా బీరువాలో వీటికో అర ఉంది. ప్రతి చీర మీదా ఎవరు పెట్టారో చీటీ గుచ్చి ఉంటుంది, తిరిగి వాళ్ళకే పెట్టకుండా. ఇవి బట్టలు కావు, చెల్లించాల్సిన బాకీలు. ఆ చీటీలన్నీ పీకేసి, ఇకమీదట నేనెవరికీ ఇలాంటి చీర పెట్టననీ నాకు పెట్టొద్దనీ ఇంట్లో చెప్పాను.

మా మేనత్త ఊరుకోలేదు. "ఆడపిల్లని ఉత్తచేతుల్తో ఎట్లా పంపుతావే? చీర ఖరీదు ఎవరిక్కావాలి. బొట్టుపెట్టి చేతిలో ఏదో పెట్టడం ముఖ్యం" అంది. ఆవిడ మాటలో నిజముంది. నా పెళ్ళప్పుడు నూట యాభై రూపాయల చీర పెట్టిన ఒక ముసలావిడ కళ్ళలో ఉన్న ప్రేమ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చీర విలువ ఎంతని అడిగితే నేనేం చెప్పను?

కానీ అసలు మన ఆచారం ఏమిటి? తాంబూలంలో రవికల గుడ్డ. ఒకప్పుడు దానితో నిజంగా రవిక కుట్టించుకునేవాళ్ళు. ఇప్పుడు పెట్టే రవికల గుడ్డ వెలుగుకి పట్టుకుంటే అవతల మనిషి కనిపించేంత పలచన, దాన్ని ఎవరూ కుట్టించరు. ఇంటింటికీ తిరుగుతూ ఉంటుంది. చీర మానేసి, మంచి టూ బై టూ ఒక మీటరు, నల్లదో మెరూనో పెడతానని అత్తతో అన్నాను. నలుపు అశుభమంది. మెరూన్‌కి ఒప్పుకుంది.

చీరే ఎందుకు మరి

ట్రైనింగులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో ఇదంతా విని సూటిగా అడిగింది: "ఇంత తంటా ఎందుకు మేడం, చుడీదార్లేసుకోవచ్చుగా?" వేసుకుంటున్నాను, వారంలో మూడు రోజులు. ఎవరూ దేన్నీ బలవంతం చెయ్యకూడదు. చీరే కట్టుకోవాలని టీచర్లని ఏ విద్యాసంస్థా ఒత్తిడి చెయ్యకూడదని కేరళ ఉన్నత విద్యాశాఖ 2021లో ఉత్తర్వు ఇచ్చింది, మంచి పని చేసింది. చుడీదార్లో ఉన్న రోజున "మేనేజరుగారు లేరామ్మా?" అని నన్నే అడిగే కస్టమర్లున్నారు, చీరలో ఉంటే అడగరు. ఆ తేడా నాకు బాధగా ఉంటుంది. దాని కోసం మాత్రం చీర కట్టుకోను.

ఇష్టమై కట్టుకుంటాను. దేశంలో చేనేత మీద బతికేవాళ్ళు 35 లక్షల పైచిలుకని 2019-20 లెక్కల్లో తేలింది, వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళే. కొనడం తగ్గిస్తే వాళ్ళ గతేమిటన్న ప్రశ్న నన్ను చాలా రోజులు పీడించింది. నా బీరువా లెక్క చూశాక కొంత తేరుకున్నాను. ఆ 22లోని పాలియెస్టర్ చీరలకి పెట్టిన డబ్బులో ఒక్క పైసా ఏ మగ్గం నేతగాడికీ చేరలేదు. ఏడాదికి పది కొని దాచే బదులు రెండు మగ్గం చీరలు కొని, చిరిగేదాకా కడతాను. మంగళగిరి నూలుచీర గంజి పెట్టి కట్టుకుంటే వేసవిలో కౌంటరు దగ్గర కూర్చోవడం ఎంత సుఖమో కట్టుకున్నవాళ్ళకే తెలుసు. ఆ సుఖం ఎనిమిదేళ్ళు ఒక నెమలికంఠం రంగు గుడ్డముక్క వల్ల పోగొట్టుకున్నాను.

బీరువాలో ఇప్పుడు 82 చీరలున్నాయి. ఆ ట్రైనింగ్ ఆవిడ చూస్తే ఒప్పుకోరు. కానీ ప్రతి చీరకీ పట్టే జాకెట్టుంది, ఫాలుంది. పట్టుచీరల్ని మడతలు మార్చి, నాన్నగారి పాత పంచెల్లో చుట్టాను. గంజి చీరల్ని ఉత్త నీళ్ళలో జాడించి ఆరేసి పెట్టాను, గంజితో దాస్తే పురుగు పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వలేదు, వేపాకు వేశాను.

సామాను లారీ మొన్న గురువారం వెళ్ళిపోయింది. బట్టలన్నీ రెండు అట్టపెట్టెల్లో సర్దుకున్నాయి. కొత్త ఆది జాకెట్టు ఒక్కటి మాత్రం లారీలో వెయ్యలేదు. విశాఖలో కుట్టేవాళ్ళని వెతుక్కోవాలి కదా, చేతిసంచీలో నాతోనే తెచ్చుకున్నాను.